మరమ్మతు ఆదివారం

తేదీ మార్చింది మాత్రం తన చేతులే, అది కాదనడానికి లేదు. మిగతాదంతా పోయిన నెల కాగితంలోంచి అలాగే వచ్చి కూర్చుందని సరిపెట్టుకోవచ్చు. నెలనెలా జరిగేది అదే కదా. పాత సంచిక తెరవడం, పైన నెల పేరు మార్చడం, నీళ్ల ట్యాంకు కడిగే రోజు, లిఫ్టు మెకానిక్కు వచ్చే రోజు మార్చడం, పాత కబుర్లు తీసేసి వాటి చోట కొత్తవి పెట్టడం. కానీ మరమ్మతు ఆదివారం దగ్గర కొత్త తేదీ వేయాలంటే క్యాలెండరు చూడాలి. రెండో ఆదివారం ఎప్పుడు పడిందో వేలు పెట్టి వెతకాలి. అంటే చూసింది, వెతికింది, వేసింది. దాని కిందే 'అన్నయ్య చూస్తారు' అన్న రెండు మాటలూ ఉన్నాయి. మెట్ల మీద పడుకున్న పిల్లిని దాటుకుని వెళ్లినట్టు ఆమె కన్ను వాటిని దాటుకుని వెళ్లిపోయింది.

పిల్లిని దాటాలన్నా పిల్లి అక్కడుందని కాలికి తెలియాలి. ఆ మాటకొస్తే కంటికీ తెలిసే ఉండాలి.

కమ్యూనిటీ హాలు తాళం రెండోసారి తిప్పితే గానీ తెరుచుకోదు. ఆమె ఒకసారి తిప్పి ఆగిపోయింది. భుజాన వేలాడే సంచిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. 'అనివార్య కారణాల వల్ల ఈ నెల మరమ్మతు ఆదివారం రద్దయింది.' అంటించడానికి టేపు కూడా తెచ్చుకుంది. తలుపుకి అంటించి వెళ్లిపోతే సరిపోయేది. తాళం తీయాల్సిన పనే లేదు. తాళంచెవి తెచ్చుకోవాల్సిన పని అంతకన్నా లేదు. మరి తెచ్చుకుంది.

రెండో బ్లాకు కింద ఉన్న నివాసుల సేవా కేంద్రంలో ఆమె పని. పైకప్పు కారుతోందన్నా, పక్కింటివాళ్లు గోడకి మేకులు కొడుతున్నారన్నా, లిఫ్టులో ఎవరో ఉమ్మేశారన్నా ముందుగా వినేది ఆమే. నెలకోసారి 'కాలనీ కబుర్లు' అని రెండు పేజీల కాగితం తయారుచేసి ఇంటింటి తలుపు కిందకీ పంపిస్తుంది. అందుకే అందరూ ఆమెని కబుర్లమ్మ అంటారు. అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు.

అన్నయ్యకి అన్నయ్య అనే పేరు వచ్చింది కూడా ఆ కాగితం వల్లే. బస్సు డిపోలో మెకానిక్కుగా రిటైరై, ఇంట్లో ఉన్న ప్రతి యంత్రాన్నీ విప్పేసి, వదినతో తిట్లు తిని, చివరికి ఆమె దగ్గరికొచ్చి, "నెలకో పూట ఆ హాలు ఇప్పించవే, కాలనీలో పాడైనవన్నీ చూసిపెడతాను, మీ వదిన బతికిపోతుంది" అన్నాడు. సరేనని ఆమె కబుర్లలో వేసింది. అలవాటు కొద్దీ పేరు బదులు 'అన్నయ్య చూస్తారు' అని పడిపోయింది. ఆ ఆదివారం పళ్లన్నీ ఊడిపోయిన ముసలాయన ఒకాయన విరిగిన గొడుగుతో వచ్చి, "అన్నయ్యగారు మీరేనాండీ" అన్నాడట. "ఒక్క చెల్లెలితోనే వేగలేకపోతున్నాను, కాలనీ మొత్తాన్నీ నా మెడకి చుట్టావు" అని అన్నయ్య నెల్లాళ్లు దెప్పాడు. దిద్దబోతే మాత్రం వద్దన్నాడు.

ఆయన పోయిన నెల పోయాడు. మరమ్మతు ఆదివారం అయిన వారంలోనే. తల తిరుగుతోందని ఆసుపత్రికి నడిచి వెళ్లిన మనిషి నడిచి రాలేదు.

ఆ రోజుల్ని తలుచుకుంటే ఆమెకి ఒక మనిషి చాలా చురుగ్గా పనులు చేసుకుంటూ తిరగడం కనబడుతుంది. ఆ మనిషి ఫోన్లు చేసింది, కుర్చీలు తెప్పించింది, వచ్చినవాళ్లకి మంచినీళ్లు అందించింది, చెప్పులు కలిసిపోకుండా వరసలో పెట్టించింది. "ఎంత ధైర్యమో చూడండి" అన్నారు జనం. ధైర్యం కాదని ఆమెకి తెలుసు. చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంటే లేచేసరికి అది మన చెయ్యి కానట్టుంటుంది. గిల్లినా ఎవరినో గిల్లినట్టే. అలా ఉంది ఒళ్లంతా. మొన్న ఆఫీసులో టీ తాగితే, సాయంత్రం నాలుక గరుకుగా తగిలాక గానీ అది కాలిందని తెలియలేదు. తిమ్మిరి ఎక్కినప్పుడు నొప్పి ఉండదు, వదిలేటప్పుడే అంటారు. అందుకే కాబోలు, లోపల ఎవరో ఆ చేతిని కదపనివ్వడం లేదు.

"తాళం రావట్లేదా తల్లీ?"

వెనక పిల్లుల మామ్మ నిలబడి ఉంది. కింది వాటాలో ఏడెనిమిది పిల్లులతో ఉంటుంది కాబట్టి ఆ పేరు. పాత దుప్పటిలో చుట్టిన టేబుల్ ఫ్యాను ఒకటి పసిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుంది.

'ఇవాళ లేదు మామ్మగారూ, కాగితంలో పొరపాటు పడింది.' ఆమె ఈ మాట ఇంటి దగ్గర అద్దం ముందు కూడా అనుకుని వచ్చింది.

"ఇవాళ కాస్త ఆలస్యమైంది మామ్మగారూ" అంది.

తాళం రెండోసారి తిప్పింది.

లోపల పొడవాటి బల్ల, గోడవారగా బెంచీలు, కిటికీ పక్కన అన్నయ్య కూర్చునే కుర్చీ. వెన్నునొప్పికని కుర్చీలో మడిచి వేసుకున్న తువ్వాలు అలాగే ఉంది. ఊడ్చే మనిషి దాన్ని ఎత్తి దులిపి మళ్లీ అలాగే వేసినట్టుంది, మడతలు తిరగబడ్డాయి. ఆమె ఎదుటి బెంచీ మీద కూర్చుంది. మామ్మ ఫ్యానుని బల్ల మీద పడుకోబెట్టి, తనూ బెంచీ వైపే వచ్చింది. కుర్చీ వైపు చూడలేదు.

కాలనీ సెక్రటరీ శుక్రవారం ఆఫీసుకొచ్చి చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆయన పక్కన నిలబడి మాట్లాడినా డాబా మీదకి వినిపిస్తుంది. "పొరపాటు ఎవరికి రాదమ్మా? ఒక నోటీసు అంటించేయ్. అనివార్య కారణాలు అని పెట్టు, గొడవుండదు. లిఫ్టు ఆగినా మనం రాసేది అదే, నీళ్లు ఆగినా అదే." నిజమే. ఇన్నేళ్లలో ఈ కాలనీలో ఏది ఆగినా అనివార్య కారణాల వల్లే ఆగింది. ఆ మాట పెడితే ఎవరూ రెండో ప్రశ్న అడగరు. అడగకుండా ఉండడానికే ఆ మాట పుట్టిందేమో.

వెనక పేజీలో 'వీడ్కోలు' అని చిన్న గడి ఒకటుంటుంది. కాలనీలో ఎవరు పోయినా రెండు వాక్యాలు ఆమే రాస్తుంది. ఈసారి సెక్రటరీ "నువ్వు రాయకమ్మా, నేను రాస్తాను" అన్నాడు. ఆమె ఆ గడిని ఖాళీగా వదిలి ప్రెస్సుకి పంపింది. ఆయన రాసింది నేరుగా అక్కడికే వెళ్లింది. అచ్చయి వచ్చాక కూడా ఆమె కాగితాన్ని తిప్పి చూడలేదు. అలా ఒకే కాగితంలో ముందువైపు అన్నయ్య చూస్తారనీ, వెనకవైపు అన్నయ్య ఇక లేరనీ పడి, రెండూ ఒకే పొద్దున అందరి తలుపుల కిందకీ వెళ్లాయి.

మొదట ఫోన్ చేసింది వదిన.

"ముందు పేజీలో వస్తారన్నావు, వెనక పేజీలో పోయారన్నావు. నన్నేం చెయ్యమంటావు? ఎదురుచూడమంటావా, ఏడవమంటావా?"

"పొరపాటు వదినా."

"పొరపాటా" అంది వదిన. అడిగినట్టు కాదు, ఆ మాట బరువెంతో చేత్తో చూస్తున్నట్టు. తర్వాత ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేయలేదు. ఈమె కూడా చేయలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు వదిన ఒక్కతే ఉంటోంది. ఈమె గదికీ ఆ ఇంటికీ మధ్య ఉన్నది ఒక పార్కింగు స్థలం, అంతే.

ఇస్త్రీ బండి అతను ఇస్త్రీ పెట్టె తెచ్చాడు. పగటి వాచ్‌మన్ టార్చిలైటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రావాలా వద్దా అన్నట్టు.

"రండి, రండి, ఇక్కడెవరూ కరవరు" అంది మామ్మ.

"కాయితంలో చూశానమ్మా" అన్నాడు ఇస్త్రీ అతను ఆమెతో. "ఆయన లేరు కదా, ఇంకెవరు చూస్తారంట అంది మా ఆవిడ. కబుర్లమ్మ ఊరికే వెయ్యదే, ఏదో ఏర్పాటు చేసే ఉంటుంది అని నేనే బయల్దేరాను."

"అదీ మాట" అంది మామ్మ. "నీళ్లు రావని వేస్తే రాలేదు. కరెంటు పోతుందని వేస్తే పోయింది. ఇన్నేళ్లలో ఈ పిల్ల కాగితం అబద్ధం ఆడిందా?"

"ఒకసారి డాబా మీద సినిమా అన్నారు" అన్నాడు వాచ్‌మన్.

"అది వాన తప్పు."

ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఏర్పాటు ఎక్కడుందా అని. వీళ్లంతా ఆ రోజు వచ్చినవాళ్లే. ఇస్త్రీ అతను పాడె మోశాడు కూడా. ఆయన లేడన్న సంగతి వీళ్లకి తనకన్నా బాగా తెలుసు. తెలిసినా కాగితాన్ని నమ్మారు. ఆమెకి ఎక్కడో ఏదో కలగాలి, సిగ్గో, ఏడుపో, ఇంకోటో. చూసుకుంటే ఏమీ లేదు. అరచేతిలో తాళంచెవి గుర్తు ఎర్రగా పడింది, దాన్నే చూస్తూ కూర్చుంది.

సంచిలోంచి కాగితం తీసింది. తీసిందే గానీ విప్పలేదు. దాంతోపాటు టేపు చుట్ట కూడా చేతిలోకొచ్చింది.

టేపు చూడగానే మామ్మ "ఆఁ, అది చుట్టు ముందు" అంది.

అన్నయ్య పద్ధతి అది. వస్తువుని ముట్టుకోకముందే దానికి ఒక టేపు ముక్క చుట్టి, దాని మీద ఇంటి నంబరూ, రోగమేమిటో రాసేవాడు. రోగం మాత్రం తెచ్చినవాళ్ల మాటల్లోనే ఉండాలి. మోటారు పోయింది, కాయిల్ కాలింది అని ఎవరైనా తెలిసినట్టు చెప్తే ఒప్పుకునేవాడు కాదు. "అది నేను చెప్పాలి. ఇంట్లో అది ఏం చేస్తోందో మీరు చెప్పండి" అనేవాడు. ఆమెకి ఆఫీసులో ఫిర్యాదులు రాసే అలవాటు ఎలాగూ ఉంది. చెయ్యి దానంతటదే టేపు చించింది.

"చెప్పండి మామ్మగారూ."

"గొణుగుతుంది. తిరగదు. కానీ తిరగాలని ఉంటుంది పాపం దానికి."

అలాగే రాసింది.

"నా దానికి కోపం ఎక్కువైందమ్మా. ఎక్కితే దిగదు. మొన్న ఒకరి చొక్కా మీద ముద్ర వేసేసింది" అన్నాడు ఇస్త్రీ అతను.

"టార్చి కొడితే వెలుగుతుంది" అన్నాడు వాచ్‌మన్.

"కొడితే వెలిగేదాన్ని నమ్మొద్దనేవాడు" అంది మామ్మ. "కొట్టేవాణ్ని అసలే నమ్మొద్దనేవాడు."

వాచ్‌మన్ టార్చిని మెల్లిగా బల్ల మీద పెట్టాడు.

బల్ల మీద మూడు వస్తువులు, మూడు టేపులు. ఇక్కడివరకూ ఆమెకి వచ్చు. దీని తర్వాతది రాదు. ఎప్పుడూ ఇక్కడిదాకా వచ్చి ఆఫీసుకి వెళ్లిపోయేది.

అప్పుడు వదిన వచ్చింది. రెండు చేతులతో అన్నయ్య పనిముట్ల పెట్టెని పట్టుకుని, అడుగడుక్కీ అది మోకాలికి తగులుతుంటే, వంగి నడుస్తూ వచ్చింది. ఇస్త్రీ అతను ఎదురెళ్లి అందుకోబోతే ఇవ్వలేదు. తనే తెచ్చి బల్ల చివర దించింది. చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఇనుప కొట్టు మొత్తం ఇందులోనే ఉన్నట్టుంది" అంది, ఎవరితో అన్నది కాదు.

ఆమె లేచి వదిన దగ్గరికి వెళ్లింది. తక్కినవాళ్లు మామ్మ ఫ్యాను రెక్కల మీద దుమ్ము గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, కావాలనే కాస్త గట్టిగా.

"ఎందుకు తెచ్చావు వదినా?"

"నువ్వు వేశావుగా. జనం వచ్చి ఉత్త చేతులతో పోతే ఎవరి పరువు పోతుంది? నీదా?"

"రద్దని నోటీసు రాసి తెచ్చాను."

"ఏదీ, చూడనీ."

వదిన కాగితం విప్పి దూరంగా పట్టుకుని చదివింది. కళ్లజోడు తెచ్చుకోలేదు.

"అనివార్య కారణాలు" అంది. "లిఫ్టు ఆగిందీ, మీ అన్న ఆగిందీ నీకొక్కటేనా?"

గొంతులో కోపం లేదు.

"తప్పు వేసినందుకు కాదు నేననేది" అంది వదిన, పెట్టె మూత తెరుస్తూ. "పొరపాటని నాకూ తెలుసు. నేను మాత్రం ఏం చేస్తున్నాను, రోజూ పొద్దున రెండు గ్లాసులే తీస్తున్నాను. కానీ నువ్వు ఒక్కసారైనా నోటితో ఆ మాట అన్నావా? అక్కడ ఆసుపత్రిలో నేను గోడకి తల కొట్టుకుంటుంటే నువ్వు ఎవరికో ఫోన్లో మంచం నంబరు చెప్తున్నావు. ఆ తర్వాత కూడా అంతే. వచ్చావు, బియ్యం ఉన్నాయా అన్నావు, గ్యాసు ఉందా అన్నావు, వెళ్లావు. ఆయన పోయింది నాకొక్కదానికేనేమో, నీకు పోలేదేమో అనిపిస్తోంది. ఒక్కదాన్నే ఎంతని ఏడవను?"

స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటీ తీసి వరసగా పెట్టసాగింది. పెద్దవి, చిన్నవి, పిడి విరిగితే తాడు చుట్టినది.

ఆమె నిలబడి ఉంది. వదిన అన్నది నిజమా అని వెతుక్కుంది. అనలేదు. ఎవరి దగ్గరా అనలేదు. బంధువులకి ఫోన్ చేసినప్పుడు కూడా 'ఒకసారి రావాలి' అంది, 'తొందరగా రావాలి' అంది, ఎన్ని గంటలకో చెప్పింది. వాళ్లే అర్థం చేసుకున్నారు. ఆ ఒక్క మాట చుట్టూ ఉన్న మాటలన్నీ వాడేసింది. ఇప్పుడైనా వదినతో అనొచ్చు. నోరు తెరిచింది. తెలిసినవాళ్లకి తెలిసిన సంగతి ఎలా చెప్పాలో అర్థం కాలేదు. ఫిర్యాదు రాసుకోవాలంటే ఎవరైనా అడగాలి కదా, ఏమైందని.

"మరమ్మతులు ఇక్కడేనాండీ?"

గుమ్మంలో ఒకతను. కొత్తగా మూడో బ్లాకులో దిగినవాడు. మొన్న చెత్త బండి ఎప్పుడొస్తుందో కనుక్కోవడానికి ఆఫీసుకొచ్చాడు. చేతిలో కరెంటు కెటిల్, తీగ దాని మెడకే చుట్టి ఉంది. అందరినీ చూసి, వయసుని బట్టి కాబోలు, ఇస్త్రీ అతని వైపు తిరిగాడు.

"అన్నయ్యగారు మీరేనాండీ?"

ఇస్త్రీ అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. మామ్మ దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టింది. వాచ్‌మన్ కిటికీలోంచి బయటికి చూశాడు. స్క్రూడ్రైవర్ల చప్పుడు ఆగింది.

'ఇవాళ రారండీ' అన్న జవాబు ఆమె దగ్గర తయారుగా ఉంది. అందులో అబద్ధం లేదు. ఆఫీసులో ఇచ్చే జవాబుల్లో దేంట్లోనూ అబద్ధం ఉండదు. పెదవుల దాకా వచ్చింది కూడా.

"మా అన్నయ్య చనిపోయాడండీ" అంది.

ట్యాంకు కడుగుతున్నారని చెప్పే గొంతే అది. వణకలేదు. తను ఇన్నాళ్లూ భయపడినట్టు గోడలేమీ కూలలేదు. కిటికీ బయట ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుంటున్నారు, అది అందుకోవడం లేదు.

"పోయిన నెల చనిపోయాడు. కాగితంలో నేనే తప్పు వేశాను."

"అయ్యో" అన్నాడతను. "నేను ముందు పేజీ ఒక్కటే చూశానండీ. వెనక్కి తిప్పలేదు."

"నేనూ తిప్పలేదు" అంది ఆమె.

అతను కెటిల్‌ని వీపు వెనక దాచుకుంటున్నట్టు పట్టుకున్నాడు. "వెళ్తానండీ. మళ్లీ ఎప్పుడైనా..."

"ఎలాగూ వచ్చారు, కూర్చోండి" అంది వదిన. వరసలోంచి ఒక స్క్రూడ్రైవరు తీసి ఆడపడుచు వైపు జరిపింది. "ఇదేనా మరలకి పెట్టేది? చివర ప్లస్సు గుర్తున్నది?"

"నాకేం తెలుసు వదినా?"

"నాకు మాత్రం ఏం తెలుసు? మనిద్దర్నీ చూస్తే ఆయన నవ్వలేక చచ్చేవాడు."

అనేసి వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామ్మ దుప్పట్లోకి తల వంచుకుని నవ్వింది, లేకపోతే ఏడ్చింది. భుజాలు కదలడం ఒక్కటే కనబడింది.

"విప్పితే సగం అయినట్టే అనేవారు" అన్నాడు ఇస్త్రీ అతను. "బిగిస్తే ఇంకో సగం. మధ్యలోది ఎవడికీ తెలీదు అనేవారు."

బెంచీలన్నీ గోడవారన, బల్లకి దూరంగా ఉన్నాయి. ఆమె కిటికీ దగ్గరి కుర్చీ లాగింది. దాని మీది తువ్వాలు తీసి భుజాన వేసుకుని, కొత్తతన్ని కూర్చోమంది. అతనికి ఆ కుర్చీ సంగతి తెలియదు. కూర్చున్నాడు.

"ఇలా ఇవ్వండి. ఏమైంది దీనికి? మీ మాటల్లో చెప్పండి."

"స్విచ్చి వేస్తే లైటు వెలుగుతుందండీ. నీళ్లు మాత్రం వేడెక్కవు."

ఆమె అతని ఇంటి నంబరు రాసి, కింద ఆ మాటలే రాసి, టేపుని కెటిల్ పిడికి చుట్టింది. తర్వాత ఒక బెంచీ బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుని, కెటిల్‌ని ఒళ్లో పెట్టుకుని బోర్లించింది. అడుగున మిగిలిన నీళ్లు కాసిని ఒలికి తొడ మీద పడ్డాయి. బట్ట తడిసి అంటుకుంది. చల్లగా ఉంది. చల్లగా ఉందని ఆమె కాసేపు అలాగే ఉండి చూసుకుంది.

అడుగున చిన్న మర కనబడింది. స్క్రూడ్రైవరు దాని గాడిలో పెట్టి తిప్పింది. కదల్లేదు. ఇంకాస్త బలంగా తిప్పింది.

"అది బిగించడం" అంది వదిన, ఆమె భుజం మీంచి వంగి చూస్తూ. "ఇంకోవైపు."

ఆమె ఇంకోవైపు తిప్పింది.